‘దయచేసి వినండి’: మా షార్ట్ ఫిల్మ్ డైరీ

జూన్ 1

కథ ఇవాళ్టికి ఒక కొలిక్కి వచ్చింది. పన్నెండు నిమిషాల సినిమా. ఒక అక్క, ఒక తమ్ముడు, ఒక రాత్రి. తమ్ముడికి ఆటిజం. రోజూ రాత్రి 9 గంటలకు బెజవాడ వన్‌టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్టు షట్టర్ దించుతుంటే పక్కన నిలబడి వినాలి. వింటే ఆ రోజు పూర్తయినట్టు. వినకపోతే వాడికి నిద్ర లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. రోజూ తీసుకెళ్లే అమ్మ ఆ రాత్రి ఊళ్లో లేదు. టైము 8:20. దారిలో పెళ్లి ఊరేగింపు, తవ్వి వదిలేసిన రోడ్డు, అప్పుడే ఎవరి మెళ్లోనో గొలుసు తెంపుకుని పారిపోతున్న ఇద్దరు దొంగలు. వెనకాల పరుగెత్తుకొస్తున్న అక్క తమ కోసమే వస్తోందని దొంగలు అనుకుంటారు. అక్కకు అసలు దొంగల సంగతే తెలియదు. ఆమెకు కావలసింది షట్టర్.

షట్టర్ నేను కల్పించింది కాదు, మా తమ్ముడిది. వాడికి ఇరవై రెండేళ్లు. చిన్నప్పుడు కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు. అలాంటివాడు, దానికి పదింతలు మోగే షట్టర్ పక్కన నవ్వుతూ నిలబడతాడు. నాకది చాలా ఏళ్లు అంతుపట్టలేదు. విజిల్ ఎప్పుడొస్తుందో తెలియదు. షట్టర్ అలా కాదు. కొట్టు బాబాయి గారు ముందు లైట్లు ఒక్కొక్కటే ఆపుతారు, లక్ష్మీదేవి పటానికి దండం పెట్టుకుంటారు, మూలన ఉన్న కొక్కెం కర్ర అందుకుంటారు. ఆ తర్వాతే చప్పుడు. చెప్పి వచ్చే చప్పుడుకు వాడు భయపడడు.

సినిమా పేరు కూడా వాడి మాటే. వాడికి నాలుగేళ్లప్పుడు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థకు చూపించడానికి తీసుకెళ్లేవాళ్లం. పొద్దున్నే బెజవాడ స్టేషన్లో శాతవాహన ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడితే మైకులో ‘దయచేసి వినండి’ అని వచ్చేది. వాడి నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే. ఇప్పటికీ ఏదైనా కావాలన్నా, ఏదైనా బాధగా ఉన్నా ముందు ఆ మాటే అంటాడు. విన్నమాటను అలా తిరిగి అనడాన్ని ఎకోలాలియా అంటారని తర్వాత తెలిసింది. అర్థం లేకుండా అంటున్నాడని అప్పట్లో చాలామంది చెప్పారు. అర్థం లేకుండా వాడు ఒక్కసారీ అనలేదు.

జూన్ 5

అమ్మ స్క్రిప్టు చదివింది. కళ్లజోడు తీసి, “నువ్వు పరుగెత్తేదీ, కొట్టేదీ బాగానే ఉందే. వాడేం చేస్తున్నాడు ఇందులో? సంచిలో సామానులాగా నీ వెంట వస్తున్నాడు” అంది.

నిజమే. పన్నెండు పేజీల్లో వాడు తనకు తానుగా చేసే పని ఒక్కటీ లేదు. అక్క కష్టం రాయాలన్న తపనలో తమ్ముణ్ణి బరువుగా రాసేశాను. నాలుగు రోజులు మళ్లీ కూర్చోవాలి.

జూన్ 9

మార్చాను. ఇప్పుడు దారి కనిపెట్టేది తమ్ముడే. ఆ సందుల్లో ఏ కొట్టు ఎన్నింటికి మూస్తారో వాడికి నిమిషాలతో సహా తెలుసు. ఊరేగింపు అడ్డం వచ్చినప్పుడు ఏ సందు ఖాళీగా ఉంటుందో వాడి లెక్కలోంచే వస్తుంది. దొంగలు చివరికి ఇరుక్కునేది కూడా ఆ లెక్క తెలియకే. తప్పించుకుందామని దూరిన సందుకు అటువైపు గేటు 8:50కి మూసేస్తారు. తమ్ముడు ఆ సందు మొదట్లోనే ఆగిపోతాడు, లోపలికి రానంటాడు. అక్క చెయ్యి పట్టి లాగుతుంది. వాడు కదలడు. వాడెందుకు కదలడం లేదో అక్కకు అర్థమయ్యే క్షణమే ఈ కథకు గుండె.

జూన్ 12

ఫైట్ మాస్టర్ దొరికారు. విజయవాడ పక్క పల్లెలో పిల్లలకు కర్రసాము నేర్పే మాస్టారు, అరవై దాటిన మనిషి. సినిమాలకు ఎప్పుడూ పనిచేయలేదు. మా తమ్ముడి సంచి తీసుకెళ్లి ఆయన ముందు బోర్లించాను. ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒక సంచి ఉంటుంది. చెవులకు పెట్టుకునే మఫ్‌లు, నీళ్ల సీసా, మార్చుకోవడానికి చొక్కా, ‘నీళ్లు’, ‘ఇంటికి’, ‘ఆగు’, ‘అయిపోయింది’ అని బొమ్మలతో లామినేషన్ చేయించిన కార్డుల గుత్తి, కొరకడానికి రబ్బరు గొట్టం, తడి టిష్యూలు, కప్పితే ఒళ్లు కుదుటపడే నాలుగు కిలోల బరువు దుప్పటి.

“అక్క చేతికి వేరే ఆయుధం ఇవ్వకూడదు మాస్టారూ. ఫైటంతా వీటితోనే” అన్నాను.

ఆయన దుప్పటి ఎత్తి చూశారు, మడిచారు, గాల్లో ఒక తిప్పు తిప్పారు. “ఇది చాలమ్మా” అన్నారు.

రెండో షరతు చెప్పాను. అక్క గొంతు పెంచకూడదు. మా ఇంట్లో ఎవరం పెంచం, పెంచితే వాడు తట్టుకోలేడు. కాబట్టి ఫైటు జరిగినంతసేపూ అక్క లాలిస్తున్నట్టే మాట్లాడుతుంది. ప్రతి దెబ్బా తమ్ముడికి ముందే చెప్పి కొడుతుంది. “ఇప్పుడొక చప్పుడొస్తుంది నాన్నా, ఒక్కటే... అయిపోయింది. ఇప్పుడు ఇంకోటి, ఇది కొంచెం పెద్దది.” రెండో దొంగ ఆ మాట విని తనే చెవులు మూసుకుంటాడు. మూడోసారికి మొదటి దొంగ కూడా వంగి తప్పుకోవడం నేర్చుకుంటాడు. అప్పుడు తమ్ముడు సంచి దగ్గర కూర్చుని, తర్వాత ఏం జరగాలో కార్డు ఎత్తి చూపిస్తాడు. మాట వాడటం మానేసి అక్క ఆ కార్డుల ప్రకారం కొడుతుంది. దొంగలకు ఇక ఏదీ ముందు తెలియదు.

మాస్టారు చాలాసేపు నవ్వారు. తర్వాత, “కర్రసాములో కూడా అంతేనమ్మా. నేర్పేటప్పుడు ప్రతి దెబ్బా చెప్పే వేస్తాం. చెప్పకుండా వేస్తే అది సాము కాదు, కొట్లాట” అన్నారు. ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

జూన్ 16

తమ్ముడి పాత్ర ఎవరు వేయాలి? ఇది మొదటి నుంచీ నన్ను తినేస్తున్న ప్రశ్న. మా తమ్ముడు వేయడు. కెమెరా తనవైపు తిప్పితే లేచి వెళ్లిపోతాడు, అది వాడి జవాబు. నాటకాలాడే కుర్రాడొకడు వచ్చి చేసి చూపించాడు. చేతులు ఆడించాడు, మెడ వంకర పెట్టాడు, చూపు తిప్పేశాడు. ఎంతో కష్టపడి చేశాడు, మంచివాడు. కానీ ఆ గదిలో కూర్చుని చూస్తుంటే బస్సులో మా తమ్ముణ్ణి వెక్కిరించిన పిల్లలు గుర్తొచ్చారు.

2024 జులై 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మళ్లీ చదివాను. సినిమాల్లో వైకల్యాన్ని చూపించే తీరు మీద అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం ఇచ్చినది. వైకల్యాన్ని దగ్గరగా అర్థం చేయించే హాస్యం ఒకటి, ఆ మనుషుల్ని చిన్నబుచ్చే హాస్యం ఇంకొకటి అని అందులో విడదీసి చెప్పారు. వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్లను కలుపుకోవాలనీ చెప్పారు. కామెడీ తీయాలనుకున్న నాకు ఆ తీర్పు కాళ్లకు బంధంలా అనిపించలేదు. ఎటు వెళ్లాలో చెప్పినట్టుంది. నవ్వు ఎవరి మీద పడుతోంది? టైముకు ఆగని ఊరి మీద, తొందరపడే అక్క మీద, తప్పుగా అర్థం చేసుకున్న దొంగల మీద పడొచ్చు. తమ్ముడి ఒంటి మీద పడకూడదు.

జూన్ 19

దొరికాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, ఆటిజం ఉంది, కాగితం కవర్లు చేయడం నేర్చుకుంటున్నాడు. మాటలు తక్కువ, కార్డులతో చెబుతాడు. అతనికి కథను ఇరవై బొమ్మలుగా గీసి చూపించాం. వరసగా మూడు రోజులు చూపించాం, మూడు రోజులూ ‘అవును’ కార్డే ఇచ్చాడు. నాలుగో రోజు దొంగల బొమ్మ తీసి పక్కన పెట్టాడు. దొంగలు తనను ముట్టుకోవడం ఇష్టం లేదని వాళ్లమ్మగారు అడిగి తెలుసుకున్నారు. స్క్రిప్టులో దొంగ అతని చొక్కా పట్టుకునే షాట్ తీసేశాను. పారితోషికం మిగతా నటులతో సమానం, అతని పేరున ఉన్న ఖాతాలోనే వేస్తాం.

జూన్ 23

ఇవాళ సినిమా పని లేదు. తమ్ముడి గార్డియన్ కాగితాల కోసం అమ్మతో కలిసి వెళ్లాను. పద్దెనిమిది దాటాక తల్లి కూడా చట్టం దృష్టిలో తనంతట తాను సంరక్షకురాలు కాదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. వాడు పుట్టేనాటికి అమల్లో ఉన్న 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టంలో ఇరవై ఒకటి అయ్యాయి, అందులో వచ్చింది. ఆ మధ్య కాలమంతా సర్టిఫికెట్ కోసం అమ్మ తిరిగిన తిరుగుడు నాకు తెలుసు.

ఫారంలో అమ్మ తర్వాత ఎవరు అన్నచోట నా పేరు రాశాను. చెయ్యి వణకలేదు. బయటికొచ్చాక చెరుకురసం బండి దగ్గర అమ్మ, “నీకు పెళ్లయ్యాక వాళ్లేమంటారో” అంది. నేనేం మాట్లాడలేదు. ఆ మాట సినిమాలో పెట్టను. కానీ అక్క పరుగు ఎందుకంత గట్టిగా ఉండాలో కెమెరామన్‌కు చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను.

జూన్ 30

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు కాబట్టి బ్యాండు మేళం వాళ్లు ఖాళీగా ఉన్నారు, ఎనిమిది మంది రాత్రికి ఆరు వేలకు ఒప్పుకున్నారు. శ్రావణంలో అయితే ఫోను కూడా ఎత్తరు. చిక్కేమిటంటే ఆషాఢంలోనే అమ్మవారికి సారె తెచ్చేవాళ్లతో కొండ చుట్టూ జనం, నెల మధ్యలో శాకంబరి ఉత్సవాలు. వన్‌టౌన్ రోడ్లు అప్పుడు మనవి కావు. ఉత్సవాలు అయిపోయాక, జులై 12 నుంచి నాలుగు రాత్రులు పెట్టుకున్నాం.

కుర్రాడికి నిద్ర వేళ దాటకూడదు. సూర్యుడు ఏడుకు కాస్త ముందు అస్తమిస్తాడు. అతని షాట్లన్నీ 7 నుంచి 9 లోపే తీయాలి, రోజుకు రెండు గంటలు. అతను వెళ్లాక ఫైట్లు. ఆ రోజు పని వరస రాసే కాల్ షీటుకు బదులు గోడ మీద పెద్ద అట్ట కట్టాం. ప్రతి షాటుకూ ఒక బొమ్మ, అయిపోగానే ఆ బొమ్మ తీసి డబ్బాలో వేయాలి. తీసి వేసే పని కుర్రాడిది. రెండో రిహార్సల్‌కే లైట్‌మన్ నుంచి టీ తెచ్చే అబ్బాయి దాకా అందరూ ఆ అట్ట చూసే పని చేస్తున్నారు. ఇంతకుముందు రెండు షార్ట్ ఫిల్ములకు పనిచేశాను, ఇంత ప్రశాంతంగా ఏదీ నడవలేదు.

జులై 12, మొదటి రాత్రి

‘సైలెన్స్’ అని అరవొద్దనుకున్నాం. షాటుకు ముందు అసిస్టెంటు మెల్లగా “దయచేసి వినండి” అంటాడు, ఏ చప్పుళ్లు రాబోతున్నాయో చెబుతాడు, మూడు లెక్కపెడతాడు. అప్పుడు యాక్షన్. బ్యాండు వాళ్లకు ఇది తెగ నచ్చింది.

ఒక సాంకేతిక చిక్కు. కొట్టులోని చవక ఎల్‌ఈడీ పట్టీలు మానిటర్‌లో చారలు కొడుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 24 ఫ్రేములకు కెమెరా షట్టర్ స్పీడు 1/50 పెడితే ట్యూబులైట్లు నిలకడగానే ఉన్నాయి, ఈ పట్టీలు మాత్రం లొంగలేదు. కుర్రాడు అవి వెలిగినప్పటి నుంచీ ఆ వైపు చూడటమే మానేశాడు. కెమెరాకు కనిపించేది అతని కంటికీ కనిపిస్తున్నట్టుంది. పట్టీలు పీకేసి మామూలు బల్బులు పెట్టాం. అతను వెంటనే అటు తిరిగాడు.

ఏడు షాట్లు అయ్యాయి.

జులై 13, రెండో రాత్రి

రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను.

7:40కి పక్క సందులో ఎవరో వెయ్యి వాలా పేల్చారు. మేం పెట్టించింది కాదు, ఎవరింట్లో ఏ సంబరమో తెలియదు. కుర్రాడు నేల మీద పడిపోయాడు, తలను అరచేతులతో కొట్టుకుంటున్నాడు, గొంతులోంచి వచ్చిన కేక నాకు బాగా తెలిసిన కేక. లైట్లన్నీ ఆర్పించాను. జనాన్ని మాస్టారు చేతులు చాపి వెనక్కి నడిపించారు, ఒక్క మాట అనకుండా. వాళ్లమ్మగారు పక్కన కూర్చుని తల కింద దుప్పటి మడిచి పెట్టారు. మిగతా వాళ్లం ఊరికే కూర్చున్నాం. నలభై నిమిషాలు.

తర్వాత తెలిసింది, మేకింగ్ వీడియో కోసం తిరుగుతున్న అబ్బాయి కెమెరా ఆపలేదని. “అక్కా, చాలా నిజంగా వచ్చింది. ఇలాంటిది మళ్లీ తీయలేం” అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నేను కెమెరా మెమరీ కార్డు తీసుకుని అతని ముందే చెరిపేశాను. ఆ రోజు మేకింగ్ అంతా పోయింది. ఒక మనిషి తన మీద తనకు అదుపు లేని స్థితిలో ఉన్నప్పుడు అతన్ని అడిగే వీలు లేదు. అడగకుండా తీసింది మనది కాదు. సినిమాలో కూడా ఆ స్థితిని బయటి నుంచి చూపించకూడదని ఆ రాత్రే నిర్ణయమైంది. జనం కాళ్లు, చెప్పులు, దొర్లిన నీళ్ల సీసా, అక్క చేతులు... అంతే కనిపిస్తాయి.

లేచాక కుర్రాడు ‘ఇంటికి’ కార్డు చూపించాడు. పంపించాం. రేపు రాకపోయినా పర్వాలేదని వాళ్లమ్మగారికి చెప్పాను, మనసులో కూడా అలాగే అనుకున్నాను.

జులై 14

వచ్చాడు. అట్ట దగ్గరికి వెళ్లి నిన్న తీయని షట్టర్ బొమ్మ తీసి నా చేతిలో పెట్టాడు.

షట్టర్ షాట్ ఒక్క టేకు. కొట్టు బాబాయి గారు నిజంగానే మూసే వేళ, 9 గంటలకు. లైట్లు, దండం, కొక్కెం కర్ర. చప్పుడు మొదలవగానే అతని రెండు చేతులూ పక్షి రెక్కల్లా లేచాయి. కెమెరామన్ కళ్లు తుడుచుకున్నాడు, ఫోకస్ మాత్రం జారనివ్వలేదు.

జులై 15, చివరి రాత్రి

సంచి ఫైటు మొత్తం, రాత్రి 9:30 నుంచి ఒంటిగంట దాకా. అక్క పాత్ర వేసింది కరాటే నేర్పే అమ్మాయి. పిడికిలికీ ముఖానికీ మధ్య జానెడు ఎడం, కెమెరా దెబ్బ తినేవాడి భుజం వెనక. దెబ్బ నమ్మించేది కొట్టే చెయ్యి కాదు, తినేవాడి మెడ. మాస్టారు దొంగలిద్దరికీ ఆ మెడ తిప్పడమే గంటసేపు నేర్పారు. బరువు దుప్పటి షాటుకు అసలు దుప్పటి వాడలేదు, నాలుగు కిలోలు మీద పడితే నిజంగానే దెబ్బ. దూది కుక్కిన నకలు కుట్టించాం. పన్నెండింటికి వాన. పట్ట కింద కాసేపు నిలబడి మిగిలిన మూడు షాట్లు తీశాం. తడిసిన రోడ్డు మీద అవే అన్నిటికంటే బాగున్నాయి.

ఇప్పటికి ఖర్చు 71,400.

ఆగస్టు 3

ఎడిటింగ్. పరుగు షాట్లు సెకనుకు 22 ఫ్రేముల్లో తీసి 24లో ఆడిస్తే వేగం వస్తుంది, ఫైట్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అక్క ఒక్కతే ఉన్న షాట్లలో బ్రహ్మాండంగా ఉంది. కుర్రాడు కలిసి ఉన్న షాటుకు చేసి చూస్తే అతని నడక, చేతుల కదలిక బొమ్మలాట అయిపోయాయి. నవ్వొస్తుంది, కానీ రాకూడని చోటు నుంచి వస్తుంది. అతను ఉన్న ప్రతి షాటూ అసలు వేగంతోనే ఉంచాం. దాంతో ఒక వింత జరిగింది. చుట్టూ ఊరంతా ఉరుకుతుంటే అతనొక్కడే తన నడకలో ఉన్నాడు. ఇది మేం అనుకుని చేసింది కాదు, ఇప్పుడు సినిమా చూపు అదే.

ఆగస్టు 10

శబ్దం. మామూలుగా మాట ముందుకు, మిగతావన్నీ వెనక్కి తోస్తారు. తమ్ముడి వైపు నుంచి వినిపించే చోట్ల ఆ తేడా తీసేయమన్నాను. ఫ్యాను, ట్యూబులైటు జుమ్ము, ప్లాస్టిక్ కవరు చిటపట, అక్క మాట అన్నీ ఒకే ఎత్తులో. సౌండ్ చేసే అబ్బాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు నిమిషాలు విని తీసేశాడు. “రోజంతా ఇలాగే వినిపిస్తుందా అక్కా?” అన్నాడు. అందరికీ ఒకేలా ఉండదని చెప్పాను. మా వాడికైతే దాదాపు ఇంతే.

ఆగస్టు 17

ఆటిజం ఉన్న పిల్లల రెండు కుటుంబాలకూ, ఏమీ తెలియని ఐదుగురికీ చూపించాం. దొంగ చెవులు మూసుకున్నప్పుడు అందరూ ఒకేసారి నవ్వారు. అయితే షట్టర్ దగ్గర కుర్రాడి చేతులు లేచినప్పుడు కూడా తెలియనివాళ్లలో ఇద్దరు నవ్వారు. వాళ్లను తప్పు పట్టను, మేం వాళ్లకు చెప్పలేదు. సినిమా మొదట్లో ఒక షాటు కలిపాం. ఇంట్లో అమ్మ పూరీ పొంగించగానే అవే చేతులు, అదే లేవడం. ఆ కదలిక సంతోషమని పూరీ దగ్గరే తెలిసిపోతుంది. మళ్లీ ఇంకో నలుగురికి చూపిస్తే షట్టర్ దగ్గర ఎవరూ నవ్వలేదు, ఒకాయన మాత్రం తన చేతులు కూడా కాస్త ఎత్తాడు.

ఆగస్టు 23

తమ్ముడికి చూపించాను. కూర్చోడేమో అనుకున్నాను. కూర్చున్నాడు. ఫైటు జరుగుతుంటే గోడ వైపు చూశాడు, షట్టర్ రాగానే తెర దగ్గరికి వచ్చాడు. మళ్లీ పెట్టమన్నాడు, పదకొండు సార్లు. పదకొండోసారి అయ్యాక నా ముంజేయి పట్టుకుని, “దయచేసి వినండి” అన్నాడు.

విన్నాను. వాడు ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి అడ్డంగా తల ఊపాడు. నోటితో షట్టర్ చప్పుడు చేసి చూపించాడు. గరగరా వచ్చి చివర్లో ఒకటి కాదు, రెండు దెబ్బలు. అప్పుడు వెలిగింది. ఆ రాత్రి లొకేషన్ సౌండులో ఆటో హారన్ పడిందని సౌండ్ అబ్బాయి వేరే కొట్టు షట్టర్ చప్పుడు అతికించాడు. బాబాయి గారి షట్టర్‌కు కుడి వైపు పట్టాలో సొట్ట ఉంది, కింద తగిలి ఒకసారి ఎగిరి మళ్లీ తగులుతుంది. మాలో ఎవరం గమనించలేదు.

శబ్దాలన్నీ కలిపే ఫైనల్ మిక్స్ వారం వాయిదా వేయించాను. రేపు రాత్రి 8:40కి రికార్డరు, రెండు మైకులు పట్టుకుని వెళ్తున్నాం. మైకు ఎక్కడ పెట్టాలో వాడు చూపిస్తాడు.